నోటికీ పేగుకూ సంబంధం కలదా?

షాద్‌నగర్, 3 జూలై 2023

ఆరోగ్య విభాగం మంజులత మేడం గారికి, మన విత్తనాల కంపెనీ ప్యాకింగు లైనులో పనిచేసే జాషువా వందనాలు.

నాలుగేళ్లుగా నాకు పేగుల వాపు జబ్బు. ఇప్పుడు చిగుళ్ల నుంచీ నెత్తురొస్తోంది. కడుపు డాక్టరు నోరు తెరిపించి చూసి, "చిగుళ్ల జబ్బుకు, పేగుల వాపుకు సంబంధం ఉండొచ్చంటున్నరు. నా మందులు ఆపకు, పళ్ల డాక్టర్ని సుత కలువు" అన్నారు. కంపెనీ ఖర్చుతో పళ్ల డాక్టర్ని కలవడానికి అనుమతి ఇప్పించండి. షిఫ్టులో మూడుసార్లకు మించి మరుగుదొడ్డికి లేస్తే లైను నుంచి తీసేస్తానని సూపర్‌వైజర్ విజేందర్ అంటున్నాడు. ఈ ఉద్యోగం పోతే నా బతుకు ఆగమే.

విధేయుడు
జాషువా

తా.క.: ఈ ఉత్తరం రాస్తూ నాలుగుసార్లు లేచాను.

10 జూలై

జాషువాకు,

మీ ఆరోగ్య కార్డులో ఉన్నది పేగు. అది రెండో అంతస్తు ఫైలు. పళ్లు మొదటి అంతస్తులో, కళ్లద్దాలతో కలిసి ఉంటాయి. రెండు అంతస్తుల మధ్య మెట్లున్నాయి గానీ సంబంధం లేదు. ఉందంటే రుజువు, ఫొటో పంపండి.

మంజులత

తా.క.: ఫొటోలో నవ్వకండి. రూలు.

14 జూలై

మేడం గారికి వందనాలు.

మా అమ్మాయి అక్షిత ఏడో తరగతి సైన్సు పుస్తకంలోని బొమ్మ పంపుతున్నాను. నోటి నుంచి కిందిదాకా ఒకటే గొట్టం. ఫొటో నవ్వకుండానే దిగాను, అందుకే చిగుళ్లు కనబడవు.

మీ జాషువా

తా.క.: హాలియా నుంచి వచ్చిన మా అమ్మ నర్సింగమ్మ బొమ్మ చూసి, "నోట్లె ఏస్తెనే గద బిడ్డా కడుపులకు పోయేది! గీ ముచ్చట సుత ఆఫీసోళ్లకు రాసి చెప్పాల్నా?" అంది.

28 జూలై

జాషువాకు,

నోరూ పేగూ ఒకటే గొట్టమని మీ బొమ్మ వల్ల తేలింది. సంతోషం. ఒక గొట్టానికి ఒక డాక్టరే. పళ్ల డాక్టరు కావాలంటే కడుపు డాక్టర్ను వదులుకుంటున్నట్టు రాసివ్వండి.

మంజులత

తా.క.: గొంతు డాక్టరైతే రెండింటికీ మధ్యలో ఉంటారు. ఆలోచించండి.

21 ఆగస్టు

జాషువాకు,

నెత్తురు ఆగలేదనీ, రోజుకు పన్నెండుసార్లు లేస్తున్నారనీ, ఇద్దరు డాక్టర్లూ కావాలనీ మీరు పెట్టుకున్న దరఖాస్తు చదివాం. మీ బాధ మాకు బాగా తెలుసు. అయినా రూలు ప్రకారం తిరస్కరించడమైనది.

ఇట్లు
జాషువా
కొత్త గుమాస్తా, ఆరోగ్య విభాగం

తా.క.: లైను నుంచి తీసేసి నన్ను ఇక్కడ కూర్చోబెట్టారు. మొదటి ఫైలు నాదే వచ్చింది. మంజూరు చేద్దామని పెన్ను తీశాను. పక్క కుర్చీలోంచి మంజులత మేడం, "మొదటి దినమే మంజూరా? గీ కుర్చీల కూసుండాలని లేదా?" అన్నారు. ఏడుస్తూనే తిరస్కరణ ముద్ర అందుకున్నాను. క్షమించు జాషువా, ఉద్యోగం కావాలి కదా.