ఫౌంటెన్ దగ్గర ఆగని బస్సు

ఆగస్టు 9, శుక్రవారం

వ్యాపారవేత్తల పౌరసేవా మండలి అధ్యక్షులవారికి,

నమస్కారాలు. మీరు, మీ ఫ్యాక్టరీ, మీ ఫౌంటెన్ క్షేమమని తలుస్తాను. సొంత చెల్లెలికి మండలి లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాసి, కింద సీలు కూడా వేశావు కాబట్టి నమస్కారం ఆ కుర్చీకే పెట్టాను. మిగతాదంతా నీకే, అన్నయ్యా.

మా పరిశోధన కేంద్రం ఇచ్చిన నివేదిక తప్పుల తడక అని నేనే పేపరుకు చెప్పాలట, లేకపోతే నీ గడప తొక్కకూడదట. చెప్పను. నీ గడప తొక్కడానికి నేనేం ఉవ్విళ్లూరుతూ కూర్చోలేదు.

ఈ ప్రాంతంలోని పరిశ్రమల్లో పనివాళ్లు ఎందుకు నిలవడం లేదో తేల్చమని అడిగింది మీ మండలే. జనానికి ఒళ్లు వంగడం లేదని రాస్తామనుకున్నావు. నీ క్యాంటీన్లో బల్ల వేయించి, ఆడవాళ్లను వరసగా కూర్చోబెట్టి, వాళ్ల వెనకాల సూపర్‌వైజర్‌ను నిలబెట్టి, ఇక అడుగమ్మా, మావాళ్లకు దాపరికం లేదు అన్నావు. అందరూ చాలా సంతోషంగా ఉన్నామన్నారు. ఆ నవ్వులు నీకు నిజమనిపించాయి చూడు, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అందుకే మానేసినవాళ్ల ఇళ్లకు వెళ్లాను. ఒకావిడ నన్ను గుమ్మంలోనే నిలబెట్టి, మీ అన్నగారు మాకు ఫౌంటెన్ కట్టించారు కదమ్మా, ఇంకేం కావాలి అంది. కాసేపటికి మనసు మార్చుకుని కుర్చీ వేసింది. ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఉన్న బస్టాపు తీయించి, నగర సుందరీకరణ పేరుతో మీ మండలి ఆ ఫౌంటెన్ కట్టించింది. బస్టాపు వంతెన అవతలికి పోయింది. సాయంత్రం షిఫ్టు దిగినవాళ్లు దీపాల్లేని ఆ వంతెన మీద నడిచి వెళ్లాలి. అక్కడ ఎవడో ఈవిడ కూతురి చెయ్యి పట్టుకుని లాగాడు. ఆ వారంలోనే తల్లీకూతుళ్లతో పాటు లైనులో సగం మంది మానేశారు. నువ్వు మాత్రం ప్రతి సభలోనూ ఈ కాలం వాళ్లకు పని మీద శ్రద్ధ లేదంటూనే ఉన్నావు.

బస్టాపు మళ్లీ గేటు దగ్గరికి రావాలన్న ఒక్క మాటే నివేదికలో నీకు గుచ్చుకుంది. అది రావాలంటే ఫౌంటెన్ పోవాలి, దాని మీద నీ పేరుంది.

నివేదిక బయటపెట్టాలా వద్దా అని మండలిలో చీటీలు వేయించింది నువ్వే. ఒక్క ఓటుతో ఓడిపోయావు. నేను మండలిలోని సిమెంటు కంపెనీ పెద్దాయన్ని కాకా పట్టానని ఇప్పుడు ఊరంతా చెబుతున్నావట, ఆయన ఎదురుపడితే మొహం తిప్పుకుంటున్నావట. పాపం ఆయన మా ఆఫీసుకొచ్చి, నీకే వేశానని ఒట్టు పెట్టుకుని వాపోయాడు.

నీ మీద ఒళ్లు మండిపోతోంది. అంతకంటే సిగ్గుగా ఉంది. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఆయన మీ అన్నగారా అని అడిగితే అవునని చెప్పుకోవాల్సి వచ్చింది.

నివేదికలో అక్షరం మార్చను. సోమవారం మున్సిపల్ సమావేశంలో బస్టాపు సంగతి వస్తుంది. నేను వస్తున్నాను. నువ్వు చేసేది చేసుకో.

ఇట్లు,
నువ్వు కాదనుకున్నా పోని
నీ చెల్లెలు

తా.క.: ఆ ఓటు వదినది. మండలిలో నీ తరఫున రెండు చేతులు లేవాలని గోడౌను ఆమె పేర పెట్టి, సభ్యురాలిని చేసి, పక్క కుర్చీలో కూర్చోబెట్టింది నువ్వే కదా. నువ్వు ఎత్తినప్పుడల్లా తనూ ఎత్తింది. ఈసారి చీటీ కాబట్టి నీకు కనబడలేదు. ఈ సంగతి నీకు రాయమన్నది కూడా ఆమే. నువ్వే చెప్పొచ్చు కదా వదినా అన్నాను. ఎవరికి వేశావని మీ అన్నయ్య ఊళ్లో అందర్నీ అడిగారు, నన్ను తప్ప అంది.