అత్తకో గది

శుక్రవారం, రాత్రి.

మా ఆయన పాటలూ నా పాటలూ ఒకే కంప్యూటర్‌లో కలిసిపోయి రోజూ గొడవే. ఇవాళ చెరో లాగిన్ పెట్టి విడదీశాను. వెనకే నిలబడి చూస్తున్న అత్త, "నాకూ ఓ గది కట్టియ్యే అమ్మీ" అంది. ఆమె పేరునా ఓ లాగిన్ కట్టాను.

"ఏటి పాటలెట్టమంటావత్తా?"

"మీ మావ వల లాగినప్పుడు పాడీవోడు సూడు, అది."

మామ పోయి ఏళ్లయింది. ఆ పాట ఎవరూ రికార్డు చెయ్యలేదు. దొరకదన్నాను.

"అయితే ఇంకేటీ ఎట్టకు. దాని సోటు దానికుంచు."

హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఖాళీ తెర ముందు కళ్లు మూసుకుంది. కాసేపటికి ఆమె చేతులు నెమ్మదిగా, ఒకదాని వెనక ఒకటి, దేన్నో ఒడ్డుకి లాగడం మొదలుపెట్టాయి. నాకు గది కూడా ఊగినట్టనిపించింది.

ఆయన పోర్టు డ్యూటీ నుంచి రాగానే అడగాలి, వాళ్ల నాన్న పాట గుర్తుందా అని. లేదంటాడేమోనని భయం.