డిక్కీలో డబ్బా

మార్చి 3

మా ఆయనకు కొత్త పిచ్చి పట్టింది. కారులో సబ్‌వూఫర్ అని ఒక పెద్ద స్పీకర్ పెడతాడట. బేస్ లేని పాట ఉప్పు లేని కూరట. కారు నాది. నా కేకులు మోయడానికి నేను కొనుక్కున్నది. ఆ మాట గుర్తు చేస్తే, కారేమీ అరిగిపోదులే అన్నాడు. మా తమ్ముడు పక్కనే నిలబడి బావకి వంత పాడాడు.

మార్చి 6

స్పీకర్ పెట్టే డబ్బా కొంటే ఖరీదట, మనమే చేసుకుంటే చవకట. ఆ చవక ఎక్కడినుంచి వచ్చిందో ఇవాళ తెలిసింది. నేను ఐసింగ్ చేసుకునే బల్లకి పైపలక లేదు. నాలుగు కాళ్ళూ మాత్రం నిలబడి ఉన్నాయి. తమ్ముణ్ణి నిలదీస్తే, మంచి మందం ఉందక్కా, గాలి బయటికి పోదు అని పలకని మెచ్చుకున్నాడు. ఛీ. సిగ్గైనా లేదు ఇద్దరికీ. వంటింటి గట్టు మీద, గిన్నెలు పక్కకి తోసి, క్రీము పూస్తున్నాను.

మార్చి 8, సాయంత్రం

ఇల్లంతా రంపపు పొట్టు. మంచినీళ్ళలో కూడా. జిగురు కంపు కేకులకి పట్టేలా ఉంది. మెట్ల కిందకి పారిపోయి వచ్చి రాస్తున్నాను. కూర్చుని పని చేసుకోవడానికి ఆయన ఇక్కడొక టైరు పడేసి, పైన పాత దుప్పటి మడతపెట్టి కప్పాడు. ఎక్కడ ఏరుకొచ్చాడో. మెత్తగానే ఉంది. ఇంట్లో ప్రశాంతంగా ఉన్న చోటు ఇదొక్కటే.

మార్చి 11

డబ్బా అయింది. డిక్కీలోకి పోదు.

లోపలి కొలతలన్నీ మిల్లీమీటర్లతో సహా తీశారు. డిక్కీ మూతి మాత్రం కొలవలేదు. నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా తోసి చూసి, చివరికి తప్పంతా కారు చేసినవాళ్ళదని తేల్చారు.

మార్చి 12

విప్పేసి, పలకలు ఒక్కొక్కటే లోపలికి తోసి, డిక్కీలోనే మళ్ళీ బిగించారు. జిగురు, స్క్రూలు, సందుల్లో సీలెంట్. ఇక ఈ జన్మలో బయటికి రాదట. అదేదో ఘనకార్యంలా చెప్పాడు.

మార్చి 13

పాట పెట్టారు. అద్దాలు అదిరాయి. నా పళ్ళు కూడా.

మార్చి 15

హోటల్ మేనేజర్ ఫోన్ చేశాడు! శనివారం మూడంతస్తుల కేకు కావాలట. వేళకి చక్కగా అందితే ఇకమీదట వాళ్ళ పార్టీల కేకులన్నీ నావే. అదే జరిగితే వంటింటి గట్టు వదిలి ఒక చిన్న షాపు తీసుకోవచ్చు. టైరు మీద కూర్చుని చాలాసేపు మురిసిపోయాను. డిక్కీలో చోటెలాగూ లేదు. వెనక సీట్లో నేనే పట్టుకుని కూర్చోవాలి.

మార్చి 18, సాయంత్రం

రాయడానికి కూడా ఒళ్ళు మండుతోంది.

ఆయన డ్రైవింగ్, తమ్ముడు ముందు సీట్లో, నేను వెనక కేకుతో. ఊరి బయట రోడ్డు మీద టైరు పంక్చరైంది. ఒక్క క్యాబూ దొరకలేదు. స్టెప్నీ తియ్యమన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. స్టెప్నీ ఉండేది డిక్కీ అడుగున, ఆ డబ్బా కింద.

పగలగొట్టమన్నాను. ఆయన సబ్‌వూఫర్ పాడైపోతుందని నసిగాడు. నేనొక చూపు చూశాను. జాకీ రాడ్‌తో మొదలుపెట్టారు. దెబ్బదెబ్బకీ కారు ఊగింది, కేకూ ఊగింది. నా బల్ల పలక పగిలిన చప్పుడు విన్నాను. ఆ మరుక్షణమే పై అంతస్తు జారి నా ఒళ్ళో పడింది.

పలకలు పీకి చూస్తే కింద గుండ్రటి గుంట. ఖాళీ.

ఆయన వంగి గుంటంతా తడిమాడు. తర్వాత, అది మెట్ల కింద ఉందని గొణిగాడు. కొలతలకి అడ్డమని తీశాడట. కూర్చోవడానికి బాగుందట. మరిచిపోయాడట.

కళ్ళెదుట రోజూ కనబడే టైరుని గుర్తుపట్టలేవా, కళ్ళా అవి కాకరకాయలా అని రోడ్డు మీదే కడిగేశాను. నోటికొచ్చిన తిట్టల్లా తిట్టాను, ఒళ్ళంతా క్రీముతో. మేనేజర్‌కి ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఇంకోసారి చూద్దాంలెండి అని మర్యాదగా పెట్టేశాడు. ఆ ఇంకోసారి రాదు.

మార్చి 19

దుప్పటి తీసి చూశాను. నా కారుదే. రిమ్ముతో సహా.

మళ్ళీ కప్పి, దాని మీదే కూర్చుని రాస్తున్నాను. తిట్లన్నీ నిన్ననే అయిపోయాయి. నాకోసం ఒక్కటీ మిగల్లేదు.