ఇడ్సిపెట్టమన్నారు సార్

2011 జూన్ 14
నాకు మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. నేర్పే నర్సింహ సార్‌కే భుజం ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఉన్నారు. మా శిక్షణ విమానం రన్‌వే పక్క గడ్డిలో, ముక్కు నేలకానించి... కళ్లు మూసుకుంటే అదే.

జూన్ 15
నిద్ర లేదు. మళ్లీ మొదటి నుంచి — దిగుతున్నాం. ఎడమ నుంచి గాలి. ముక్కు ఎడమకి తిరక్కుండా కుడి పెడల్ తొక్కిపట్టి ఉన్నాను. నేల అందేసరికి గాలి మారి కుడి నుంచి కొట్టింది. విమానం కుడికి తిరిగింది. పక్క సీట్లోంచి సార్ అరుపు — "ఇడ్సిపెట్టు!"
అన్నీ వదిలేశాను. పెడల్, చేతిలోని స్టిక్ కూడా. ఇక ఆయన చూసుకుంటారనుకున్నాను. రెక్క నేలకు కొట్టుకుంది.
వదలమన్నది పెడల్ ఒక్కటేనా?

జూన్ 17
కాకినాడ నుంచి అమ్మ ఫోన్. "ఎండలు తగ్గాయా అక్కడ?" తగ్గాయన్నాను. "తింటున్నావా?" ఆఁ.

జూన్ 19
క్యాంటీన్‌లో నా బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. నాతో చేరిన సునీత కూడా టీ తీసుకుని బయటే నిలబడింది. తర్వాత — "నీకు ఒంటరిగా ఉండాలనుందేమోనని..."
లేదు. అస్సలు లేదు.

జూన్ 20
రోజంతా గదిలోనే. కిటికీలోంచి చూస్తే పెద్ద విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. ఏ ఒక్కటీ తడబడదు.

జూన్ 22
ఇంటి ఓనరు యాదమ్మ జొన్నరొట్టె, టమాటా పచ్చడి పట్టుకుని వచ్చింది. "ఏందమ్మా, నీ రూమ్ల పొయ్యి ముట్టిస్తనే లేవు? జర తిను." రొట్టె నా చేతిలో పెడుతూ — "కిందవడ్డ ఇమానంల నువ్వే ఉంటివంట?"
"నేనే."
"భయమైతే ఇంటికి పో బిడ్డా."
ఆవిడ వెళ్లాక తిన్నాను. తింటూ ఏడ్చాను.

జూన్ 24
విచారణకు పిలిచారు. "చివర్లో కంట్రోల్స్ ఎవరి చేతిలో ఉన్నాయి?" తెలీదన్నాను. ఆఫీసర్ మళ్లీ అడిగాడు. మళ్లీ అదే అన్నాను. ఎవరి చేతిలోనూ లేవని ఎలా చెప్పడం?

జూన్ 26
ఆసుపత్రి. సార్ భార్య స్టూలు నా వైపు జరిపింది.
సార్ — "కంట్రోల్స్ అంత నా చేతులనే ఉండె అని ఆఫీసర్‌కు చెప్పిన."
"కాదు కదా సార్, మీరు వదలమంటే నేను..."
"నీది ఇప్పుడే షురువాయె. ఇగ గా ముచ్చట వద్దు."
ఆవిడ కిటికీలోంచి చూస్తూ అంది — "తప్పు ఈయనదే అంటే మల్ల ఎగరనిస్తరా?"
సార్ కళ్లు మూసుకున్నారు.

జూలై 1
ఫ్లయింగ్ స్కూల్ నుంచి ఫోన్. రేపు పొద్దున కొత్త సార్‌తో ఫ్లయింగ్. సరే అన్నాను. నోరు అనేసింది.

జూలై 2
మెత్తగా దిగాను. "బాగుంది" అన్నాడు కొత్త సార్. చెప్పుకోడానికి ఎవరూ లేరు. నర్సింహ సార్ నంబరుకి చేశాను. ఆయన భార్య ఎత్తింది.
"పండుకున్నడు."
వెనక సార్ ఎవరితోనో మాట్లాడుతున్నారు. గొంతు గుర్తుపట్టాను.
"ఏమన్న చెప్పాల్నా?"
ఏం లేదండి అన్నాను.
సోమవారం ఆ విచారణ ఆఫీసర్ దగ్గరికి మళ్లీ వెళ్లి, స్టిక్ నేనే వదిలేశానని చెప్పొచ్చు. చెబితే, నన్ను మళ్లీ ఎగరనిస్తారా?