వద్దన్నవారికే అధ్యక్ష పదవి

ఫొస్‌హైమ్, మిన్నెసోటా
ఫిబ్రవరి మొదటి వారం

అధ్యక్షుల అన్వేషణ సంఘం కార్యదర్శి వెర్నా టోస్టెన్ గారికి,

ఫొస్‌హైమ్ లూథరన్ విశ్వవిద్యాలయంలో జీవితమంతా గ్రీకు చెప్పి, ఆ విభాగానికి తాళం వేసిన రోజున ఇంటిదారి పట్టిన ఆర్విడ్ క్వామె నమస్కరించి రాసేది.

మన విశ్వవిద్యాలయం తర్వాతి అధ్యక్షుడు ఎలా ఉండాలో మీ సంఘం అచ్చేసి ఇంటింటికీ పంచిన పత్రం అందింది. ఆసాంతం చదివాను. ఈ మంచులో నాకు వేరే పనేముంది? ఆయనకు గాఢమైన విశ్వాసం ఉండాలట, కానీ విశ్వాసం లేనివాళ్లకు ఇబ్బందిగా ఉండకూడదట. దాతల గుమ్మాలెక్కి విరాళాలు తేవాలట, కానీ డబ్బు మనిషిలా కనిపించకూడదట. ధైర్యంగా మార్పులు తేవాలట, ఏదీ మారకూడదట. ప్రపంచమంతా చూసినవాడై ఉండాలట, మన ఊరు తప్ప మరే ఊరూ నచ్చకూడదట. పైగా రోజూ మధ్యాహ్నం విద్యార్థుల భోజనశాలలో, వాళ్ల బల్ల దగ్గరే కూర్చుని తినాలట.

అమ్మా, ఇలాంటి మనిషి దొరికితే అధ్యక్షుణ్ణి చేయకండి. గాజుపెట్టెలో పెట్టి టికెట్లు అమ్మండి. ఇప్పుడు దిగిపోతున్న ఆయన్ని చూశాం కదా! ప్రార్థనా మందిరంలో ఆర్గన్ పక్కన డ్రమ్ములు పెట్టించాడు. గ్రంథాలయంలో పుస్తకాలు తీయించి సోఫాలు వేయించాడు. వాటి మీద పిల్లలు హాయిగా నిద్రపోతున్నారు. ఆయన హయాంలో జరిగిన మేలు అదొక్కటే. ఆ పదవికి నేను తగను, మీ సంఘంలో ఎవరూ తగరు, ఈ భూమ్మీద ఎవరూ తగరు.

ఇట్లు,
ఆర్విడ్ క్వామె

తా.క.: పత్రంలో ‘వినయం’ అన్న మాటను బంగారు రంగులో అచ్చేశారు. ఎవరి ఆలోచన అది?


గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి,

వెర్నా నమస్కారాలు. మీ దరఖాస్తు అందింది. సంఘం ముందు పైకి చదివాను. ‘నేను తగను’ అన్నచోటికి రాగానే మా సంఘం పెద్ద పాస్టర్ హాల్వర్ గారు కాఫీ కప్పు కింద పెట్టేసి, “చూశారా! మనిషంటే వీడు. మన మనిషి!” అన్నారు. మిగతావాళ్లంతా తాము చేసిన ఘనకార్యాలు పేజీలకు పేజీలు రాసి పంపారు. ఒకాయన ఫొటో కూడా పంపాడు, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ. ఆ ఫొటోను పాస్టర్ గారు బల్ల మీద బోర్లా తిప్పి పెట్టారు. మీ పేరు జాబితాలో పైన ఉంది.

ఇట్లు, మీ
వెర్నా టోస్టెన్

తా.క.: బంగారు రంగు పాస్టర్ గారిదే. నేను చెప్పానని అనకండి.


వెర్నా గారికి,

నేను పంపింది దరఖాస్తు కాదు, తిట్టు. నా వయసు డెబ్బై ఎనిమిది. ఒక చెవే పనిచేస్తుంది, అదీ నచ్చిన మాటకే. విరాళాలకు నన్ను పంపితే ఉన్న దాతలు కూడా మతం మార్చుకుంటారు. మీ పదవి నాకు వద్దు. నా పేరు కొట్టేసి పుణ్యం కట్టుకోండి.

ఇట్లు,
ఆర్విడ్ క్వామె

తా.క.: ఇదీ అర్థం కాకపోతే ఈసారి గ్రీకులో రాస్తాను. చదివిపెట్టేవాణ్ణి మీరే ఇంటికి పంపేశారు, గుర్తుందిగా.


గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి,

మళ్లీ వద్దన్నారు! సంఘంలో ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. మీకు తెలియనిదేముంది? మన ఊళ్లో కాఫీ అయినా మూడోసారి అడిగితేనే కదా కప్పు ముందుకు జరుపుతాం. మొదటిసారికే ‘పోయండి’ అన్నందుకు మా ఆడపడుచు భర్తను మా అత్తగారు పోయేదాకా ‘ఆ మనిషి’ అనే అన్నారు. పిలుపు వచ్చినప్పుడు ప్రవక్తలు కూడా వెనకడుగే వేశారని పాస్టర్ గారు గుర్తు చేశారు.

అందుకే మూడోసారి అడుగుతున్నాం. బుధవారం మధ్యాహ్నం భోజనశాలకు రండి. మీరు పిల్లలతో కలిసి తినడం సంఘంవాళ్లు చూస్తారు. పరీక్ష అంతే.

ఇట్లు, మీ
వెర్నా టోస్టెన్

తా.క.: ఆ రోజు మాంసం మీద బంగాళాదుంప పేర్చిన హాట్‌డిష్. కాస్త ముందే రండి. వెనక బల్లలన్నీ చర్చిలో లాగే ముందు నిండిపోతాయి.


వెర్నా గారికి,

బుధవారం వచ్చింది మూడోసారి ముఖం మీదే వద్దని చెప్పడానికి. గుమ్మంలోనే చెప్పాను. పాస్టర్ గారు నా రెండు చేతులూ పట్టుకుని “దేవునికి స్తోత్రం!” అని, పళ్లెం చేతిలో పెట్టారు.

ఒక మూల కూర్చున్నాను. నర్సింగ్ చదివే అమ్మాయి ఒకతె వచ్చి, “ఇక్కడ ఎవరైనా ఉన్నారా?” అంది. “నేనున్నాను” అన్నాను. “మీరు కనిపిస్తూనే ఉన్నారు తాతగారూ, మీ ఎదురు కుర్చీ సంగతి అడుగుతున్నా” అంది. ఆ కుర్చీలో ఎవరూ లేరని చెప్పడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

నేను గ్రీకు చెప్పేవాణ్ణని విని, గ్రీకులో తలనొప్పిని ఏమంటారని అడిగింది. చెప్పాను. కడుపునొప్పిని? చెప్పాను. “మా పుస్తకం నిండా ఇవే మాటలు, ఎవరూ విప్పి చెప్పరు” అని పక్క బల్లవాళ్లను కేకేసింది. ఒంట్లో ఉన్న నొప్పులన్నీ పూర్తయ్యేసరికి హాట్‌డిష్ చల్లారిపోయింది. లేస్తుంటే ఒకడు, “రేపు కూడా వస్తారా సార్?” అన్నాడు.

నా భార్య ఇంగా పోయాక నా ఎదురుగా భోజనానికి కూర్చున్నది రేడియో ఒక్కటే. అది అన్నీ చెబుతుంది, ఏదీ అడగదు. అందుకని ఉన్నమాట రాస్తున్నాను. మీ పత్రంలో మిగతావన్నీ మీరే ఉంచుకోండి. నాకా మధ్యాహ్నపు భోజనం కావాలి. దానికి అధ్యక్ష పదవి తప్పనిసరైతే, అదీ కావాలి. నాకే ఇవ్వండి.

ఇట్లు,
ఆర్విడ్ క్వామె

తా.క.: విరాళాలు కూడా అడుగుతాను. మర్యాదగా.


ప్రొఫెసర్ క్వామె గారికి,

మీ ఉత్తరం సంఘం ముందు పైకి చదివాను. “కావాలి అని రాశాడా? ఆ మాటే రాశాడా?” అని పాస్టర్ గారు అడిగారు. చూపించాను. “అయ్యో, ఎంత మంచివాడనుకున్నాం!” అని తన కాఫీ తనే పోసుకున్నారు, ఎవరూ అడక్కుండానే. అంతగా మనసు విరిగింది ఆయనకు.

మీ పేరు కొట్టేశారు. ఆ నవ్వే ఫొటో ఆయనకు ఎవరో మన పద్ధతి చెప్పినట్టున్నారు. ‘నేను తగనేమో’ అని మొన్న ఉత్తరం పంపాడు. పదవి ఆయనకే. భోజనశాలలోకి బయటివాళ్లు రాకూడదన్న నియమం కూడా మీకు గుర్తు చేయమన్నారు.

ఇట్లు,
వెర్నా టోస్టెన్, కార్యదర్శి

తా.క.: పైన రాసింది సంఘం మాట, ఇది నా మాట. మా ఆయన పోయినప్పటి నుంచి నేను వంటగదిలో నిలబడే తింటున్నాను. కూర్చుంటే ఎదురు కుర్చీ కనిపిస్తుంది. శనివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి రండి. ఒక్కసారే అడుగుతున్నాను. మూడేసిసార్లు అడిగే ఓపిక ఆ సంఘంలోనే అయిపోయింది. మీరు వద్దంటే వద్దనే అనుకుంటాను.


గురువారం

వెర్నా గారికి,

మీ ఆహ్వానానికి కృతజ్ఞతలు. నా ఒక్కడి కోసం మీకెందుకండీ శ్రమ? ఇంకెప్పుడైనా చూద్దాం లెండి.

ఇట్లు,
ఆర్విడ్ క్వామె


శనివారం, మీ ఇంటి మెట్ల మీద నుంచి

వెర్నా గారికి,

గురువారం ఉత్తరం నేను రాయలేదు. నా చేయి రాసింది, మా అమ్మ నేర్పిన పద్ధతిలో. డబ్బాలో పడిన చప్పుడు వినగానే చేయి లోపలికి పెట్టి చూశాను, అందలేదు. డబ్బా విప్పి సంచి తీసుకెళ్తుంటే దాని వెనకే ఆ మంచులో పోస్టాఫీసుకు పోయాను. కౌంటర్ దగ్గరి మనిషి, “సంచి ఇంకా ఇక్కడే ఉందండీ, విప్పి వెతకమంటారా?” అన్నాడు. “అయ్యో, మీకెందుకు శ్రమ” అన్నాను. “శ్రమేముందండీ, ఒక్క నిమిషం” అన్నాడు. “వద్దు లెండి, మీ పని చూసుకోండి” అన్నాను. మన ఊరివాడే కదా, మూడోసారి అడుగుతాడని నిలబడ్డాను. ఈలోగా బండి వచ్చి సంచి పట్టుకుపోయింది.

అందుకని నేనే వచ్చాను. తలుపు కొట్టలేదు. మీరు పనిలో ఉంటారేమోనని. కిటికీలోంచి చూస్తే మీరు పొయ్యి పక్కన నిలబడి తింటున్నారు. నా ఉత్తరం అందినట్టుంది.

ఈ కాగితం తలుపు కింద నుంచి తోస్తున్నాను.

ఇట్లు, బూట్ల మంచు దులుపుకుంటూ,
ఆర్విడ్

తా.క.: మీరు తలుపు తీసి లోపలికి రమ్మంటే నా నోరు ‘పర్వాలేదండీ, వెళ్తాను’ అంటుంది. దాని మాట నమ్మకండి.