పైన ఒక వరుస ఖాళీ

నవంబరు 3, 2019

అమ్మ పోయి వారం. మా యూదుల ఆచారం ప్రకారం ఏడు రోజులు నేల మీద కూర్చున్నాం, ఈ రోజే లేచాం.

సమాధి రాయికి ఆర్డర్ ఇచ్చాను. హాస్పిటల్లో అమ్మ అడిగింది ఒక్కటే. తన పేరు కింద పాత కీర్తనలోని చిన్న ముక్క: దేవుడు నన్ను చేరదీస్తాడు. ఆ ముక్కకు పైన ఒక వరుస ఖాళీ వదలాలట. ఉపవాసం నాడు కూడా సిగరెట్ మానని మనిషికి దేవుడు గుర్తొచ్చాడేమిటి? చావు భయమేమో అనుకున్నాను.

నవంబరు 5

రాయి చెక్కే ఆయన ఫోన్. ఖాళీ ఉంటే నేనే మరిచిపోయాననుకుంటారమ్మా, నా పరువేం కాను అని గోల.

నవంబరు 11

యూనివర్సిటీలో లెక్చర్. ఎడారి గుహల్లో దొరికిన ప్రార్థనల మీద. అవి రాసినవాళ్లు పాత కీర్తనల ముక్కలు తెచ్చి తమ గోడులో కలిపి కుట్టేసుకునేవారు. ఎక్కడివో చెప్పేవారు కాదు. సగం అంటే చాలు, మిగతా సగం వినేవాడి నోటికే వచ్చేస్తుంది. ఒక్కోసారి అసలు మాట ఆ అనని సగంలోనే ఉంటుంది. ఏటా చెప్పే పాఠమే. ఉదాహరణ చెప్పమంది ఒక స్టూడెంట్. అమ్మ ముక్కే నోటికొచ్చింది. దాని ముందు సగం కూడా వచ్చింది.

క్లాసు వదిలేసి వచ్చేశాను.

అదే రోజు, సాయంత్రం 6

ఆ ముందు సగం: అమ్మా నాన్నా నన్ను వదిలేశారు.

ఎవరు వదిలేశారు? అమ్మమ్మ నిక్షేపంలా ఉందే! తొంభై రెండేళ్ల మనిషి, నిన్న కూడా కుబ్బె వండి పంపింది.

నవంబరు 12

నఈమ్ మామయ్యను అడిగాను. కసిరాడు. చచ్చిపోయినదాన్ని వదిలెయ్యవే, అక్క సమాధి కూడా నీకు పరీక్ష పేపరేనా అన్నాడు. తర్వాత తనే చెప్పాడు. బాగ్దాదు నుంచి ఈ దేశానికి వచ్చిన కొత్తలో, డేరాల క్యాంపులో, తిండికి లేక ఆరేళ్ల అమ్మను కిబ్బుట్జ్‌కు, అంటే అందరూ కలిసి సేద్యం చేసుకునే ఊరికి, ఇచ్చేశారట. మగపిల్లల్ని ఉంచుకున్నారట. నాలుగేళ్లు ఒక్కసారైనా చూడ్డానికి వెళ్లలేదట. మీ అమ్మ ఎప్పుడూ ఒక్క మాట అనలేదే, అని ఏడ్చాడు.

అనలేదా? రాతి మీద అంటోంది.

నవంబరు 13

అమ్మమ్మకు కీర్తనలన్నీ కంఠతా వచ్చు. రాయి చూడగానే మిగతా సగం నోటికొస్తుంది. నలుగురి ముందు! పండు ముసలిదాన్ని ఇంత దెబ్బ కొడతావా అమ్మా? ఒళ్లు మండిపోయింది. అంతలోనే ఆ ఆరేళ్ల పిల్ల గుర్తొచ్చింది. ఏడుపాగలేదు.

రాయి ఆపించాలా?

నవంబరు 17

అమ్మమ్మకు చెప్పేశాను. నేను ముక్క చదివానో లేదో, ఆమె పెదాల మీద ముందు సగం కదిలింది. ఆపకే తల్లీ, ఇన్నాళ్లకు అది నోరు విప్పింది, నువ్వు నొక్కకు అంది. ఆ ఖాళీ నాకే వదిలింది అంది.

రాయి చెక్కే ఆయనకు ఫోన్ చేసి, ఖాళీ అలాగే ఉంచమన్నాను.

నవంబరు 26

ముప్పయ్యో రోజు. రాయి నిలబెట్టారు. అమ్మమ్మ వేలు నీళ్లలో ముంచి ఖాళీ వరుసలో రాసింది: నేను నిన్ను వదిలేశాను.

ఎండకు ఆరిపోయింది. మళ్లీ ముంచింది.