మెత్తవడ్డ మనిషి మీద అనుమానం

అక్కకు దండం. మందులు పడుతున్నయి, ఫికర్ చెయ్యకు. ఫోన్ల చెప్దామంటే ఆయన పక్కకెల్లి లేస్తలేడు, గందుకే కార్డు రాస్తున్న.

నాకు మీ మరిది మీదనే అనుమానం. రొమ్ము క్యాన్సర్ అని తెలిసినకాడికెల్లి అన్నిటికి కసురుకున్న మనిషి, దవాఖానల కౌన్సెలింగ్ మేడం దగ్గరికి ఇద్దరం పోవుడు మొదలైనంక ఒక్కసారే మెత్తవడ్డడు. ఉస్మాన్‌గంజ్‌ల బెల్లం దుకాణం మధ్యాహ్నమే బంద్ చేసొచ్చి నాకు జావ కాస్తుండు. నేను బతకనని డాక్టర్ చెప్పిండేమో, లేకుంటే గింత ప్రేమ ఎక్కడిది?

నిన్న అడిగేసిన. "ఏం దాస్తున్నరు? నిజం చెప్పుండ్రి."

ఆయన గంటె కింద పెట్టిండు. "ఏం దాస్తలేను సులోచనా. నీ దోస్తుకు గిట్లాంటి కష్టమొస్తే ఏమంటవని మేడం నన్నొక్కన్నే కూసోవెట్టి అడిగింది. భయపడకు, నేనున్న అంట అని చెప్పిన. మరి గా మాట నీకు నువ్వు చెప్పుకున్నవా, నీ భార్యకు చెప్పినవా అన్నది. నాకు భయమైతుండెనే, గా భయంతోనే నీ మీద ఒర్లిన" అని పొయ్యి కాడనే ఏడ్చిండు. పెండ్లయినంక ఆయన ఏడ్వంగ చూసుడు గిదే మొదలు. నాకూ భయమైతుందని నేను గూడ మొదటిసారి చెప్పిన.

అయినా సగమే నమ్మిన. నీకు చాటుకు ఫోన్ గిట్ల చేసిండా? చేస్తే దాయకు. నీ మోకాలు నొప్పి తగ్గిందా? నోరంత చేదుగున్నది, కందిపొడి పంపు. బావకు దండాలు, పిల్లలకు దీవెనలు.

ఆయన మాట నిజమైనా కాకున్నా, గీ మనిషితోని ఇంకొన్నేండ్లు ఉండాలనిపిస్తుందక్కా.

నీ చెల్లె,
సులోచన